కాబూలుకు రాయబారం

2025 అక్టోబరు 10వ తేదీన కాబూలు ప్రభుత్వపు విదేశాంగ మంత్రి అమీర్ ఖాన్ ముత్తఖీ ఢిల్లీలో భారత విదేశాంగ మంత్రి జయశంకర్‌ను కలిసికొన్నారు. 2022 జూన్ నుండి ‘సాంకేతిక బృందం’ అన్న పేరుతో కాబూలులో పనిచేయుచున్న భారత కార్యాలయాన్ని తిరిగి రాయబార కార్యాలయం చేయనున్నట్లు ఆనాడే ప్రకటన వెలువడినది. అదే నెల 21న ఆ మార్పు అమలులోకి వచ్చినది. 2021 ఆగస్టులో తాలిబాన్లు నగరంలో ప్రవేశించిన రెండు దినాలకు భారత రాయబారి విమానమెక్కి వచ్చివేయగా మూతపడిన తలుపు, నాలుగేండ్ల పైచిలుకు కాలానికి తెరచుకొన్నది. దీనితో వాదం ముగిసినదని తలచినవారు తొందరపడినారు. తలుపు తెరవవచ్చునా అన్న ప్రశ్న పోయి, తెరచిన తలుపు గుండా ఏమి తీసికొని పోవలెను, ఏమి తీసికొని రాగూడదు అన్న ప్రశ్న దాని స్థానంలో వచ్చి కూర్చున్నది. ఇది మొదటి దానికంటె కష్టమైన ప్రశ్న.

ఆడపిల్లను ఆరవ తరగతితో బడినుండి వెళ్ళగొట్టిన ప్రభుత్వంతో చేయి కలుపుట పాపమని కొందరి వాదం. రాజ్యాలకు పాపపుణ్యాల పట్టింపు లేదు, పొరుగున ఎవడు గద్దెమీద ఉంటే వానితో మాట్లాడక తప్పదని మరికొందరి వాదం. రెండింటిలోను నిజం లేకపోలేదు. ఐతే రెండూ పనిని సులువు చేసికొనే వాదాలే. మొదటిదాని ప్రకారం చేతులు కడుగుకొని ఇంట కూర్చుండవచ్చును. రెండవదాని ప్రకారం నోరు మూసికొని సరకు అమ్ముకొనవచ్చును.

ఈ సంగతి ఢిల్లీలోని పెద్దలకే సంబంధించినదని అనుకొనరాదు. హైదరాబాదు నుండి బొంబాయి పోయే రహదారి మీద పటాన్‌చెరు మొదలు సంగారెడ్డి వరకు ప్రయాణం చేసినవానికి, కాబూలు అంత దూరాన లేదని తెలియగలదు. ఆ దారి కిరుప్రక్కల వ్యాపించిన మందుల కర్మాగారాలకు మూలం బాలానగరంలోని ఐ.డి.పి.ఎల్. ఆ సంస్థ 1961లో ఏర్పడి, సోవియట్ సహకారంతో మందుల తయారీ ఆరంభించినది. అక్కడ పని నేర్చిన రసాయనవేత్తలు పలువురు బయటకు వచ్చి సొంతంగా కర్మాగారాలు పెట్టినారు. పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం, గడ్డపోతారం, బొంతపల్లి అన్న పేర్లు ఆ విధంగా ఔషధ ప్రపంచానికి పరిచితమైనవి. ఇక్కడ తయారయ్యే ముడి మందు ఎక్కడెక్కడనో మాత్రగా మారి, ఎవరెవరి జ్వరాన్నో తగ్గించుచున్నది. దాని వెల ఈ నేల చెల్లించుచున్నది. నక్కవాగు ఒడ్డున ఉన్న పల్లెలు తమ నీటిని, చేలను కోల్పోయినవి. 2025 జూన్ 30న పాశమైలారంలో జరిగిన ప్రేలుడు నలభైమందికి పైగా కార్మికులను పొట్టన పెట్టుకొన్నది. వారిలో చాలమంది బీహారు, ఒరిస్సా, ఉత్తరప్రదేశ్‌ల నుండి కూలికై వచ్చినవారు. వారు చేయుచుండినది మాత్రలలో కలిపే పొడి. మందు అన్నది ఏ దేశానికి పోయినా, దానివెంట ఇక్కడి మనుష్యుల ప్రాణం కొంత పోవుచున్నదని చెప్పుటకే ఈ ప్రస్తావన.

ఆఫ్ఘనిస్థానానికి మందులు చాలవరకు పాకిస్తాన్ నుండి చేరుచుండెడివి. 2025 అక్టోబరులో ఆ రెండు దేశాల సైనికులు కాల్పులు జరుపుకొనగా సరిహద్దు ద్వారాలు మూతపడినవి. నవంబరులో కాబూలు ఉపప్రధాని ముల్లా బరాదర్ పాకిస్తాన్ మందులు నాసిరకానివని నిందించి, మూడు నెలలలో ఆ బేరాలు చాలించుకొని వేరే దేశాలను చూచుకొనవలసినదిగా వర్తకులను ఆదేశించినారు. ఆ నెలాఖరున భారతదేశం 73 టన్నుల మందులను, టీకాలను విమానం మీద కాబూలుకు పంపినది. ఇటువంటి వార్తలు చదివినపుడు పారిశ్రామిక వాడలలో ఆశ పుట్టడం సహజం. ఆశ తప్పు కాదు. ఆశ ఒక్కటే విదేశాంగ నీతికి పునాది కావడం తప్పు.

కాబూలుతో ఈ ప్రాంతానికి గల చుట్టరికం మందులతో పుట్టినది గాదు. 1972లో పటాన్‌చెరులో వెలసిన అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధన సంస్థను, జనం ‘ఇక్రిశాట్’ అని పిలుచుకొనే సంస్థను తీసికొనవచ్చును. అక్కడి పరిశోధనలో ముఖ్యమైన పంట శనగ. శనగలో రెండు తెగలు: ఎర్రని దేశవాళీది ఒకటి, తెల్లని పెద్ద గింజ గలది ఒకటి. ఆ రెండవదానికి లోకమంతటా పేరు ‘కాబూలీ’. కాబూలు మీదుగా ఈ దేశానికి వచ్చినందున ఆ పేరు నిలిచినదని చెప్పుదురు. పటాన్‌చెరులో రూపు దిద్దుకొన్న కాబూలీ రకాలలో ఒకదానికి ‘శ్వేత’ అని తెలుగువారు పేరు పెట్టుకొన్నారు. ఈనాడు ప్రకాశం జిల్లా నల్లరేగడి రైతు కాబూలీ శనగ చల్లునపుడు, తన చేనికి కాబూలు పేరు ఎట్లా వచ్చినదని ఆలోచించునో లేదో తెలియదు.

ఆ గింజల కథలో మరొక ఘట్టం ఉపాధ్యాయులు పిల్లలకు చెప్పదగినది. ఆఫ్ఘనిస్థానంలో పూర్వం దేశవాళీ విత్తనాలను భద్రపరచిన నిధి ఒకటి కాబూలులో ఉండెడిది. 1992 నాటి అంతర్యుద్ధంలో అది నాశమైనది. కొందరు శాస్త్రజ్ఞులు మిగిలిన గింజలను గజనీలోను, జలాలాబాదులోను ఇండ్లలో దాచినారు. 2002లో వెళ్ళి చూడగా దొంగలు గింజలను నేలమీద కుమ్మరించి, అవి ఉన్న సీసాలను, ప్లాస్టిక్ డబ్బాలను ఎత్తుకొని పోయినారు. కుమ్మరించినది తరతరాల పంట అని వారికి తెలియదు. డబ్బా విలువ మాత్రం తెలిసినది. ఇక్రిశాట్ విత్తన నిధిలో 144 దేశాల నుండి సేకరించిన లక్షకు పైగా నమూనాలున్నవి. ఆఫ్ఘన్ నేలలో పండిన శనగ రకాలు కూడ వానిలో ఉన్నవి. ఒక దేశం తన ఇంట పోగొట్టుకొన్న సొత్తు పొరుగువాని ఇంట భద్రంగా ఉండుట అంటే ఇది.

ఇక తెలుగువారి వంటింటి సంగతి చెప్పనే అక్కరలేదు. పులిహోర పోపులోను, ఆవకాయలోను, చారులోను పడే ఇంగువ ఈ గడ్డమీద పండినది కాదు. 2020 అక్టోబరులో హిమాచల్ ప్రదేశ్‌లోని లాహౌల్ లోయలో శాస్త్రజ్ఞులు తొలి ఇంగువ మొక్క నాటువరకు, ఈ దేశం ఇంగువ కొరకు ఆఫ్ఘనిస్థానం, ఇరాన్, ఉజ్బెకిస్తాన్‌ల మీదనే పూర్తిగా ఆధారపడి ఉండెడిది. ఇంగువ కట్టిన గుడ్డ వాసన పోదని సామెత. కాబూలుతో సంబంధం అటువంటిది. రాజులు మారినా, రాయబారులు వచ్చిపోయినా, గుడ్డకు పట్టిన వాసన ఉండనే ఉన్నది.

ఈ మాటలు చెప్పి తియ్యగా ముగించుట సులభమే. కాని తెలుగు ఇండ్లలో కాబూలు పేరు వినగానే వేరొక జ్ఞాపకం పొడుచుకొని వచ్చువారున్నారు. 2006 ఏప్రిల్‌లో హైదరాబాదుకు చెందిన ఒక టెలిఫోను ఇంజనీరును తాలిబాన్లు అపహరించి తల నరికినారు. ఆయన చేసిన నేరం, పొట్ట కొరకు పరదేశంలో పనిచేయడమే. 2008 జూలై 7న కాబూలులోని భారత రాయబార కార్యాలయపు ద్వారం వద్ద ప్రేలుడు పదార్థాలు నింపిన కారు ప్రేలినది. యాభైమందికి పైగా మరణించినారు. వారిలో అధికులు వీసాల కొరకు వరుసలో నిలిచిన ఆఫ్ఘన్ పౌరులు. తెలుగువాడైన దౌత్యాధికారి వి. వెంకటేశ్వరరావు, సైనిక ప్రతినిధి బ్రిగేడియర్ మెహతా ఆ దాడిలోనే అసువులు బాసినారు. ఆ దాడి హక్కానీ వర్గపు పని అని అమెరికా అధికారులు చెప్పినారు. ఆ వర్గానికి నాయకుడైన సిరాజుద్దీన్ హక్కానీ 2021లో ఏర్పడిన కాబూలు ప్రభుత్వంలో దేశీయాంగ మంత్రి పదవిని పొందినాడు. తిరిగి తెరచిన కార్యాలయానికి కాపలా ఏర్పాట్లు చూడవలసిన శాఖ అదే. వెంకటేశ్వరరావు కుటుంబం వంటి కుటుంబాలు ఈ సంబంధాన్ని చూచి ముఖం త్రిప్పుకొన్నచో, వారిని ‘లోకజ్ఞానం లేనివా’రని ఎవరూ అనగూడదు.

అట్లని తలుపు మూసి ఉంచడం వల్ల మేలు జరిగినదా? దానికి కూడ అనుభవమున్నది. 1996 సెప్టెంబరులో తాలిబాన్లు తొలిసారి కాబూలును పట్టుకొన్నపుడు భారతదేశం కార్యాలయాన్ని మూసివేసినది. ఆ ప్రభుత్వాన్ని పాకిస్తాన్, సౌదీ అరేబియా, యు.ఎ.ఇ. తప్ప ప్రపంచంలో ఎవరూ గుర్తించలేదు. ఐదేండ్ల ఆ వెలి వల్ల ఒక్క ఆడపిల్లకు బడి తెరచుకోలేదు. 1999 డిసెంబరులో, ఖాట్మండు నుండి ఢిల్లీకి రావలసిన భారత విమానాన్ని దుండగులు కాందహారుకు మళ్ళించినపుడు, ఆ నేలమీద భారతదేశానికి పరిచయమున్న మనిషి ఒక్కడు లేకపోయినాడు. ఎవరితో మాట్లాడవలెనో, ఆ మాట ఎవరి చెవిని పడుచున్నదో తెలియని స్థితిలో బేరం జరిగినది. ముగ్గురు బందీలను విడిచిపెట్టి ప్రయాణీకులను తెచ్చుకొనవలసి వచ్చినది. వారిలో ఒకడైన మసూద్ అజహర్ ఆ తరువాత జైషె మహమ్మద్‌ను స్థాపించినాడు. మాట్లాడే దారి లేకపోవడానికి కట్టిన సుంకం అది.

మాట్లాడడం వేరు, మన్నించడం వేరు. పత్రికలు ఈ రెండింటిని తరచుగా కలిపివేయుచున్నవి గనుక, విద్యార్థుల కొరకు ఒక మాట చెప్పవలసి ఉన్నది. ఒక ప్రభుత్వాన్ని ‘గుర్తించుట’ న్యాయశాస్త్రానికి సంబంధించిన చర్య. ఆ దేశంలో కార్యాలయం నడపడం నిత్యవ్యవహారానికి సంబంధించినది. మొదటిది ఉండి రెండవది లేకపోవచ్చును. భారతదేశం ఇస్రాయెల్‌ను 1950లో గుర్తించినది. బొంబాయిలో వారి కాన్సల్ ఉన్నాడు గాని, రాయబారులను మార్చుకొన్నది మాత్రం 1992లో, పి.వి. నరసింహారావు ప్రధానిగా ఉన్నపుడు. నలభైరెండేండ్లు గుర్తింపు ఉన్నది, రాయబారి లేడు. కాబూలు విషయంలో కథ తలక్రిందులైనది: కార్యాలయం వచ్చినది, గుర్తింపు ప్రకటన రాలేదు. రష్యా 2025 జూలైలో పూర్తిగా గుర్తించినది. చైనా అంతకు ముందే 2024 జనవరిలో తాలిబాన్ల రాయబారి పత్రాలను స్వీకరించినది. భారతదేశం ఈ వరుసలో చివర నిలుచుట నామోషీ అని కొందరి భావం. గుర్తింపు అన్నది చేతిలో మిగిలిన పెద్ద నాణెం. ముందుగా ఖర్చుపెట్టినవానికి మొదటివాడన్న పేరు మిగులును. అటుపై అడుగుటకు చేతిలో ఏమి మిగులునో తెలియదు.

బర్మా అనుభవం ఇక్కడ ఉపకరించగలదు. రంగం పోయి బ్రతికిన తాతముత్తాతలు గల తెలుగు కుటుంబాలకు ఆ దేశం కొత్త కాదు. 1962లో సైనికుల పాలన వచ్చిన పిమ్మట ఆ దేశం లోకానికి తలుపులు బిగించుకొన్నది. 1988లో ప్రజలు తిరుగబడగా సైన్యం కాల్చివేసినది. భారతదేశం ప్రజల పక్షాన గట్టిగా నిలిచినది. 1993లో విదేశాంగ కార్యదర్శి జె.ఎన్. దీక్షిత్ రంగూను వెళ్ళి సైనిక పాలకులతో సంభాషణ ఆరంభించినారు. 1994లో సరిహద్దు వ్యాపారపు ఒడంబడిక కుదిరినది. ఐనను 1995లో నిర్బంధంలో ఉన్న ఆంగ్ సాన్ సూకీకి జవహర్‌లాల్ నెహ్రూ పురస్కారం ప్రకటించడానికి భారతదేశం జంకలేదు. సైనికాధికారులకు కోపం వచ్చినది. వచ్చిన కోపంతో సంభాషణ ఆగిపోలేదు. పాలకులతో పని, ప్రజలపట్ల గౌరవం రెండూ ఒక్క ప్రభుత్వమే ఒక్క కాలంలోనే నడుపగలిగినది. తరువాతి కాలంలో ఆ రెండవ భాగం పలుచబడినదన్న విమర్శ కూడ లేకపోలేదు. అది వేరే చర్చ.

తెలుగువారికి రాయబారమన్న మాట వినగానే ఢిల్లీ కంటె ముందు హస్తిన గుర్తుకు వచ్చును. తిరుపతి వేంకట కవుల నాటకం ఆడని ఊరు, ఆ పద్యం పాడని రాగం తెలుగునాట ఉండెడిది కాదు. ఐతే రంగస్థలం మీది రాయబారంలో పద్యాల జోరుకు చప్పట్లు కొట్టి, భారతంలో ఉన్న మూడు చిన్న సంగతులను ప్రేక్షకులు తరచుగా మరచిపోవుచున్నారు. కాబూలు ప్రసంగంలో ఆ మూడే ముఖ్యమైనవి.

దుర్యోధనుడు దుర్మార్గుడని తెలిసియు కృష్ణుడు వెళ్ళినాడు. సంధి కుదరదని ఆయనకు అనుమానం లేకపోలేదు. ఐనను పోకుండుట తప్పు అని పోయినాడు. హస్తిన చేరిన పిమ్మట దుర్యోధనుడు విందుకు పిలిచినాడు. కృష్ణుడు ఒప్పుకొనలేదు. దూత అయినవాడు వచ్చిన పని నెరవేరిన పిదపనే భుజించునని, పరుల ఇంట భోజనం ప్రీతివల్లనో ఆపదవల్లనో చేయవలె గాని ఇక్కడ ఆ రెండును లేవని చెప్పి, విదురుని ఇంటికి పోయి తిన్నాడు. సభలో మాట్లాడినాడు, పంక్తిలో కూర్చుండలేదు. గుర్తింపు ఇవ్వక కార్యాలయం నడపడంలోని రహస్యం ఇంతకంటె స్పష్టంగా ఏ దౌత్యశాస్త్ర గ్రంథమూ చెప్పలేదు.

రెండవది, బయలుదేరుటకు ముందు జరిగినది. ధర్మరాజు మొదలైనవారు సంధి మాటలు చెప్పుచుండగా ద్రౌపది వచ్చి తన జుట్టు చేతబట్టి కృష్ణునికి చూపినది. సంధి మాటలాడునపుడు దీనిని మరువవద్దన్నది. ఆమె సంధి వద్దన్నదా, కావలెనన్నదా అన్నది పండితుల వాదానికి విడువవచ్చును. తన అవమానం ఆ చర్చలో అంశంగా ఉండవలెనన్నది మాత్రం స్పష్టం.

మూడవది సభలో జరిగినది. కొడుకు మాట వినకపోగా ధృతరాష్ట్రుడు గాంధారిని నిండు సభకు రప్పించినాడు. ఆమె అందరి ఎదుట కొడుకును మందలించినది. గాంధారం అన్నది ఈనాటి కాబూలు నదీ పరీవాహకాన్ని కలుపుకొని ఉండిన దేశం. ఆ దేశపు ఆడుబిడ్డ కురుసభలో నోరు విప్పి మాట్లాడగలిగినది. 2025 అక్టోబరు 10న ఢిల్లీ నగరంలో, ఆఫ్ఘన్ కార్యాలయ భవనంలో ముత్తఖీ ఏర్పాటు చేసిన పత్రికా గోష్ఠిలో ఒక్క స్త్రీ విలేకరికి ప్రవేశం లేకపోయినది. ఆ ఏర్పాటుతో తనకు సంబంధం లేదని భారత ప్రభుత్వం చెప్పినది. కావచ్చును. ఐనను ఢిల్లీ నడిబొడ్డున ఒక దినమైనా కాందహారు ఆచారం చెల్లినది. పత్రికలు, ప్రతిపక్షాలు నిరసించినందున రెండు దినాలకు మరొక గోష్ఠి పెట్టి స్త్రీలను పిలిచినారు; వారు ముందు వరుసలో కూర్చుండి ఆడపిల్లల చదువు గురించే అడిగినారు. ఈ చిన్న సంఘటనలో ఒక పాఠమున్నది: అడిగినచో తాలిబాన్లు కూడ ఒక అంగుళం జరుగుదురు. అడుగనిచో జరుగరు.

ఇదంతా ఎందుకు చెప్పవలసి వచ్చినదో పాఠశాలల్లో పనిచేయువారికి వేరుగా చెప్పనక్కరలేదు. 2021 సెప్టెంబరులో కాబూలు ప్రభుత్వం ఉన్నత పాఠశాలలను మగపిల్లలకు మాత్రమే తెరచినది. 2022 మార్చి 23న ఆడపిల్లలకు కూడ తెరచుచున్నామని పిలిచి, వారు పుస్తకాలు పట్టుకొని వచ్చిన కొద్ది గంటలకే తిప్పి పంపినది. ఆ ఏడాది డిసెంబరులో విశ్వవిద్యాలయాల తలుపులు మూసినది. చదువు మానిన పిల్లల సంఖ్య ఇరువది లక్షలు దాటినదని యునెస్కో లెక్క. సంగారెడ్డి పట్టణంలో ఒక ప్రభుత్వోన్నత పాఠశాలలో ఏడవ తరగతి చదువు బాలికను చూచి, ఈమె కాబూలులో పుట్టినచో ఈ బల్లమీద కూర్చుండు హక్కు ఈమెకు ఉండదు గదా అని అనుకొన్నచో, ఇరువది లక్షలన్న అంకెకు ముఖం వచ్చును.

ఐతే నేరుగా ‘ఆడపిల్లలకు బడి తెరవండి, లేనిచో కార్యాలయం మూసివేయుదుము’ అనుట తేలిక, ఫలితం సున్న. భారతదేశం చేతిలో ఉన్నది ఏమిటి? వారికి అవసరమైన మందు ఉన్నది. సరిగా అక్కడనే, పటాన్‌చెరు నుండి పోయే మందుపెట్టెలోనే, చదువు ప్రశ్న దాగి ఉన్నది. ఆఫ్ఘనిస్థానంలో చాలచోట్ల స్త్రీని పరపురుషుడైన వైద్యుడు పరీక్షించుటకు వీలు లేదు. అందుచేత స్త్రీకి సూది వేయుటకు, కాన్పు చేయుటకు స్త్రీయే కావలెను. 2024 డిసెంబరులో కాబూలు ప్రభుత్వం నర్సు విద్యను, మంత్రసాని విద్యను కూడ ఆడవారికి నిషేధించినది. అప్పటికి ఆడవారికి మిగిలిన చదువు ఆ ఒక్కటే. ఉన్న నర్సులు ముసలివారగుదురు, కొత్తవారు రారు. ఐక్యరాజ్య సమితి సంస్థల అంచనా ప్రకారం 2023లో ఆ దేశంలో ప్రతి లక్ష జననాలకు ఐదువందలకు మించి తల్లులు మరణించినారు. తెలంగాణలో 2018–20 లెక్కల ప్రకారం ఆ సంఖ్య 43. ఈ వ్యత్యాసం మాత్రల కొరత వల్లనే వచ్చినది కాదు. మాత్రలతోనే తీరేది కాదు.

ముత్తఖీ జయశంకర్‌ను కలిసికొన్న దినముననే వెలువడిన ఉమ్మడి ప్రకటనలో, పక్తికా, ఖోస్త్, పక్తియా మండలాలలో ఐదు ప్రసూతి వైద్యశాలలను కట్టించి ఇత్తునని భారతదేశం మాట ఇచ్చినది. ఎంతో మంచి మాట. ఇటుకలు, సిమెంటు, మంచాలు పోగలవు. మందులు ఈ ప్రాంతం నుండియే పోగలవు. ఆ ఐదు గదులలో పదేండ్ల తరువాత కాన్పు చేయు స్త్రీ ఎక్కడ చదువుకొనును? ఈ ప్రశ్న అడుగుట ఆఫ్ఘన్ల మతంలో జోక్యం కాదు. కట్టించువాడు కట్టడం పనిచేయవలెనని కోరుట మాత్రమే. తాలిబాన్లలోనే ఈ నిషేధాన్ని లోలోపల ఒప్పని వారున్నారని వార్తలున్నవి. అటువంటివారికి ఆసరా కాగల ప్రశ్న ఇటువంటిదే. ప్రసూతి వైద్యశాలల ఒప్పందంలో మంత్రసాని శిక్షణను విడదీయరాని భాగం చేయవలెను. అది లేకుండ కట్టినచో, కొంతకాలానికి ఆ భవనాలు తాళం వేసిన గదులగుట తథ్యం.

పరుల తలుపు గురించి ఇంత చెప్పునపుడు సొంత తలుపును మరువరాదు. 2021 ఆగస్టు 25న భారత ప్రభుత్వం అంతకు ముందు ఆఫ్ఘన్లకు ఇచ్చిన వీసాలన్నింటిని చెల్లవని ప్రకటించినది. సెలవులకు ఇంటికి పోయిన విద్యార్థులు అక్కడనే చిక్కుకొన్నారు. హైదరాబాదు విశ్వవిద్యాలయాలలో, ఉస్మానియాలో, ఇంగ్లీషు–విదేశీ భాషల విశ్వవిద్యాలయంలో, ఆఫ్ఘన్ విద్యార్థులు చదువుకొనుట కొత్త కాదు. హైదరాబాదులో ఆఫ్ఘన్ కాన్సులేటు కూడ ఉన్నది. 2023 నవంబరులో పాత గణతంత్రపు రాయబారులు ఢిల్లీ కార్యాలయాన్ని మూసివేసినపుడు, దానిని నడిపించుటకు ముందుకు వచ్చినది బొంబాయి, హైదరాబాదు కాన్సల్‌లే. ఆనాటి బొంబాయి కాన్సల్ ఒక స్త్రీ. అటువంటి పదవులకు ఎదుగదగిన వయస్సులో ఉన్న ఆడపిల్లలతో సహా ఆఫ్ఘన్ విద్యార్థులకు దూరవిద్య ద్వారా వేయి ఉపకార వేతనాలను భారతదేశం ప్రకటించినది గాని, విద్యుత్తు ఉండునో లేదో తెలియని ఇంటిలో, తండ్రి ఫోను తెరమీద, నర్సు విద్య నేర్చుట సాధ్యం కాదు. రక్తపుపోటు చూచుట తెరమీద రాదు.

సంగారెడ్డికి కూతవేటు దూరాన కందిలో భారత సాంకేతిక విద్యాసంస్థ ఉన్నది. 2022లో సంగారెడ్డిలోనే ప్రభుత్వ వైద్య కళాశాల ఆరంభమైనది. ఈ ఊళ్ళలో పది సీట్లు, ఇరువది సీట్లు ఆఫ్ఘన్ ఆడపిల్లలకు కేటాయించుట కేంద్ర ప్రభుత్వానికి భారం కాదు. తోడుగా తండ్రియో సోదరుడో లేనిదే ఆడపిల్ల దేశం దాటరాదని తాలిబాన్ల నిబంధన. తోడు వచ్చువారికి కూడ వీసా ఇచ్చి, వసతి చూపినచో ఆ అడ్డంకి కొంత సడలును. మందుల కర్మాగారాల యజమానులు కాబూలు బేరంలో లాభం చూచినచో, అందులో కొంత ఈ పిల్లల వసతి గృహానికి ఖర్చుపెట్టుట వారికి నష్టం కాదు. 1999లో కాందహారులో ఎవరితో మాట్లాడవలెనో తెలియక తికమకపడిన దేశానికి, 2035 నాటికి ఆ దేశపు ప్రతి మండలంలోను హిందీయో, ఇంగ్లీషో, రెండు తెలుగు ముక్కలో వచ్చిన ఒక నర్సు ఉన్నచో, ఆ సంబంధాన్ని ఏ ప్రభుత్వం తెంపగలదు?

కాబూలు కార్యాలయంలో తిరిగి కుర్చీ వేసికొన్న అధికారుల బల్లమీద వ్యాపారపు కాగితాలు, ఇనుప ఖనిజపు కాగితాలు, విమాన మార్గపు కాగితాలు గుట్టగా పడి ఉండును. వాని అన్నింటి క్రింద ఎక్కడనో విద్యార్థుల వీసా దరఖాస్తులు కూడ ఉండును. వానిని ముందుగా పైకి తీయవలెను.